కల్లులొట్టి కథ

ఈ కథ కల్లులొట్టిది. కుమ్మరి సారె మీద రూపుకట్టి, ఆవంలో కాలి, గీత కార్మికుడి వెంట చెట్టెక్కే మట్టిపాత్ర అది. దాని నేల గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్. 2016 దాకా ఈ మూడూ ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోవే. ఇక్కడి వాగుల ఒడ్డున, చెరువుకట్టల కింద, పొలం గట్ల మీద ఈత, తాటి చెట్లున్న చోటల్లా లొట్టి వేలాడుతుంది. చెట్టు నీరు కల్లుగా మారేది, ఆపైన పాడయ్యేది దాని కడుపులోనే. అందుకే కల్లు మంచిచెడ్డలు, దాని వయసు లొట్టికి తెలిసినంతగా మరో పాత్రకు తెలియవు.

లొట్టి ఏ చెట్టెక్కాలో కాలం చెబుతుంది. చలికాలంలో ఈతచెట్టు మొవ్వు కింద కాండాన్ని చెక్కి, కోత అడుగున లొట్టి కడతారు. ఎండలు ముదిరేకొద్దీ వంతు తాటిచెట్టుకు వస్తుంది. పోతుతాటికి పూగెలను, పండుతాటికి కాయగెలను గీస్తారు. కోత ఎండితే ధార ఆగిపోతుంది కనుక పలుచని పొర తీసి దాన్ని మళ్లీ మళ్లీ తాజా చేస్తారు. ఈతకు మధ్యమధ్య విశ్రాంతి ఇస్తారు. విడుపు లేకుండా గీస్తే చెట్టు నీరసిస్తుంది. మంచి కల్లుకు మొదటి షరతు ఆరోగ్యంగా ఉన్న చెట్టు.

లొట్టిలో పడే తొలి చుక్క తేటగా, తియ్యగా ఉంటుంది. నూటికి 10 నుంచి 15 పాళ్లు చక్కెరే. మట్టిగోడల సన్నని రంధ్రాల్లో నిన్నటి కల్లు వదిలిన ఈస్ట్ దాగి ఉంటుంది, గాలీ పురుగులూ మరికొంత తెస్తాయి. అందువల్ల పులియడం చెట్టు మీదే మొదలవుతుంది. తెల్లవారి లొట్టి దించేసరికి నీరు తెల్లబడి నురగ కట్టి ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ తీపి తగ్గి ఆల్కహాల్ నూటికి నాలుగైదు పాళ్ల వరకు చేరుతుంది. లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా పులుపు పెంచుతుంది. ఒక రోజు దాటాక మరో రకం బాక్టీరియా ఆల్కహాల్‌ను ఎసిటిక్ ఆమ్లంగా మార్చి కల్లును వెనిగర్ దారి పట్టిస్తుంది. ఎండ ఎక్కువైతే ఇదంతా ఇంకా తొందరగా జరుగుతుంది.

కల్లు వయసు కనిపెట్టడానికి లొట్టి అంచు దగ్గర చెవి పెట్టినా చాలు. చురుగ్గా పులుస్తున్న కల్లు సన్నగా చిటపటలాడుతుంది. తాటాకు రేకలోకి వంపితే చిన్న బుడగలు పైకి లేస్తాయి. వాసనలో తీపి ముందు తగిలితే కల్లు లేతది. ముక్కుపుటాలను కోసే ఘాటు వస్తే వయసు మీరింది. తీపి, పులుపు, చిరు వగరు ఏ ఒక్కటీ మిగతావాటిని మింగకుండా ఉన్న పూట దాని రుచి నిండుగా ఉంటుంది.

ద్రాక్షసారా లెక్క వేరు. స్పెయిన్‌లోని రియోహా ప్రాంతపు ఎర్ర వైన్‌లో క్రియాన్సా అనిపించుకోవాలంటే కనీసం 2 ఏళ్లు, రెసెర్వాకు 3 ఏళ్లు, గ్రాన్ రెసెర్వాకు 5 ఏళ్లు నిలవ ఉండాలి. అందులో కొంతకాలం ఓక్ పీపాల్లో గడవాలి. అక్కడి ముఖ్యమైన ద్రాక్ష టెంప్రానిల్లో. గ్లాసు వంచి చూస్తే లేత వైన్ అంచు ఊదారంగులో, ముదిరినదాని అంచు ఇటుకరంగులో కనిపిస్తుంది. తొక్కల నుంచి వచ్చిన వగరు పదార్థాలు, రంగు పదార్థాలు ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి కలిసి నాలుకకు మెత్తబడతాయి, కొంత మడ్డిగా అడుగున చేరుతుంది. ఆ వగరు, పులుపు, 13–14 శాతం ఆల్కహాల్, గాలి చొరని సీసా వైన్‌ను కాపాడతాయి. లొట్టికి మూత లేదు. కల్లులో ఆల్కహాల్ తక్కువ, సూక్ష్మజీవులు ఎక్కువ. అందుకే వైన్ వయసు ఏళ్లలో, కల్లు వయసు గంటల్లో లెక్కిస్తారు. రెండింటిలోనూ తేల్చాల్సింది మాత్రం రుచులకు ఎప్పుడు పొందిక కుదురుతుందన్నదే.

పులియకుండా ఆపాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నపు క్షారానికి ఈస్ట్ చురుకు తగ్గుతుంది, నీరు తియ్యగానే నిలుస్తుంది. అదే నీరా. దించిన వెంటనే వడకట్టి చల్లబరచకపోతే నీరా కూడా పులుస్తుంది. హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది.

మహబూబ్‌నగర్ ప్రాంతపు కల్లుకు పట్టిన అసలు చీడ కల్తీ. చెట్లు తగ్గి గిరాకీ పెరిగిన చోట నీళ్లలో శాకరిన్, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలిపి అమ్మిన కేసులు ఈ ప్రాంతంలో ఎన్నో బయటపడ్డాయి. అలవాటుపడినవారు హఠాత్తుగా మానేస్తే వణుకు, మతిభ్రమ, ఫిట్స్ వస్తాయి, వారికి ఆసుపత్రి చికిత్స అవసరం. ఏ కాలంలోనైనా ఒకే రుచి ఉన్నా, తాగాక నాలుకపై చేదు నిలిచినా, కొద్దిగా తాగితేనే మైకం కమ్మినా అనుమానించాలి. అల్ప్రాజోలం లాంటి మందును రుచితో నిర్ధారించడం కుదరదు, ప్రయోగశాల పరీక్షే తేల్చాలి. వయసును కన్ను, ముక్కు, చెవి, నాలుక చెప్పగలవు. స్వచ్ఛత తెలియాలంటే ఏ చెట్టు నుంచి, ఎవరి చేతి మీదుగా వచ్చిందో కూడా అడగాలి.