కుర్చీకీ కావాలి పోడు పట్టా

దున్నడం వేరు, పట్టా వేరు. అశ్వారావుపేట చుట్టుపక్కల పోడు రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లు పత్తి ఏరినా, జీడిమామిడి పెంచినా, ఫారెస్టోళ్లు వచ్చి ‘కాయితం ఏదిరా?’ అన్న రోజున ఆ ఇరవై ఏళ్లూ గాల్లో కలుస్తాయి. కందకం తవ్వుతారు. మొక్కలు నాటుతారు. ఎదురు మాట్లాడితే పోలీసు స్టేషన్‌కు తీసుకుపోతారు. ఆ స్టేషన్ మీద సర్కిల్, దాని మీద డీఎస్పీ, ఆపైన కొత్తగూడెం ఎస్పీ... అలా మెట్లెక్కుతూ పోతే హైదరాబాద్‌లో కూర్చున్న డీజీపీ గారి చేతిలోనూ సరైన కాయితం లేదని తెలిస్తే ఆ రైతు ప్రాణం కాస్త కుదుటపడేది.

తెలంగాణలో 2025 అక్టోబర్ 1న బి. శివధర్ రెడ్డి డీజీపీగా బాధ్యతలు తీసుకున్నారు. 1994 బ్యాచ్ అధికారి. పూలగుత్తులు, శాలువాలు, సెల్యూట్లు అన్నీ సలక్షణంగా జరిగాయి. ఉత్తర్వులో మాత్రం ‘పూర్తి అదనపు బాధ్యత’ అని ఉంది. కిరాణా కొట్లో అదనం అంటే కొసరు. బియ్యం తూచాక పైన పడేసే గుప్పెడు. ఇక్కడ బియ్యం లేవు, కొసరు మాత్రం బస్తాడు.

ఈ కొసరు కొత్తదేం కాదు. ఆయనకు ముందు 2024 జూలై నుంచి కుర్చీలో ఉన్న జితేందర్‌దీ అదనపు బాధ్యతే. అంతకుముందు 2022 చివర్లో వచ్చిన అంజనీ కుమార్ కూడా ఇన్‌ఛార్జే. ఇంకాస్త వెనక్కి వెళ్తే ఎం. మహేందర్ రెడ్డి. మన ఖమ్మం జిల్లా కూసుమంచి మండలం కిష్టాపురం మనిషి. ఆయనా 2017 నవంబర్‌లో ఇన్‌ఛార్జ్‌గానే కూర్చున్నారు గానీ, 2018 ఏప్రిల్‌కల్లా పట్టా చేయించుకుని 2022 డిసెంబర్ 31 దాకా దర్జాగా ఏలారు. ఖమ్మం జిల్లా వాళ్లకు పట్టా విలువ తెలుసు మరి.

అసలు తమాషా ఏమిటంటే, పోడు రైతుకూ డీజీపీకీ హక్కు పుట్టింది ఒకే ఏడాది. అటవీ హక్కుల చట్టం 2006 డిసెంబర్‌లో వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్ 22న ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ప్రకాశ్ సింగ్ స్వయంగా ఉత్తరప్రదేశ్ డీజీపీగా చేసిన మనిషి. 1996లో పిటిషన్ వేస్తే పదేళ్లకు తీర్పు చేతికొచ్చింది. రాష్ట్రం సీనియర్ల జాబితా పంపాలి, యూపీఎస్సీ అందులోంచి ముగ్గురిని ఎంపిక చేయాలి, ఆ ముగ్గురిలో ఒకరిని ప్రభుత్వం నియమించాలి. నియమించాక కనీసం రెండేళ్లు కదపకూడదు.

రెండేళ్లు ఎందుకు? ‘ఆ కేసు పెట్టొద్దు, ఈ కేసు పెట్టు’ అని ఫోన్ వస్తే ‘కుదరదండీ’ అనడానికి. ఆ ఒక్క మాట కోసమే అంత తీర్పు.

తీర్పు రాగానే రాష్ట్రాలు దారి కనిపెట్టాయి. డీజీపీని నియమిస్తేనే కదా రెండేళ్లు? నియమించకుండా ‘చూసుకోండి’ అంటే సరి! 2018 జూలై 3న సుప్రీంకోర్టు ఆ దారికీ కందకం తవ్వింది. తాత్కాలిక డీజీపీలు ఉండకూడదు, ఖాళీ ఏర్పడటానికి మూడు నెలల ముందే జాబితా పంపాలి అంది. మరుసటి ఏడాది, కనీసం ఆరు నెలల సర్వీసు మిగిలినవాళ్ల పేర్లే చూడాలని కూడా చెప్పింది. కందకం పక్కనుంచి కాలిబాట వేయడం అడవిలో పశువుల కాపరికే వచ్చినప్పుడు సచివాలయానికి రాదా? జాబితా ఆలస్యంగా పంపొచ్చు. వివరాలు సరిపోలేదని అది తిరిగొస్తే తీరిగ్గా జవాబు రాయొచ్చు. ఈలోపు కుర్చీ ఖాళీగా ఉంచకూడదు కాబట్టి కావలసిన మనిషి ‘అదనంగా’ కూర్చుంటాడు. సీనియర్లు ముగ్గురిలో మనకు నచ్చినవాడు ఉంటాడన్న హామీ యూపీఎస్సీ ఇవ్వదు, గొడవంతా అక్కడే.

అశ్వారావుపేటలో జంగారెడ్డిగూడెం బస్సెక్కితే కాసేపట్లో జీలుగుమిల్లి. రాష్ట్రం మారుతుంది, ఫోన్‌కు స్వాగత సందేశం వస్తుంది, డీజీపీ మారతాడు. అటు ఆంధ్రవైపు కథ ఇంకా రుచిగా ఉంది. కె.వి. రాజేంద్రనాథ్ రెడ్డి 2022 ఫిబ్రవరి నుంచి 2024 మే దాకా అదనపు బాధ్యతలోనే రెండేళ్లు దాటించారు. అసలు డీజీపీకి కోర్టు ఇమ్మన్న గడువును కొసరు డీజీపీ పూర్తిచేశారన్నమాట. ఎన్నికల సంఘం ఆయన్ను తప్పించి హరీశ్ కుమార్ గుప్తాను కూర్చోబెట్టింది. ఎన్నికలు అయ్యాయి, ప్రభుత్వం మారింది, జూన్‌లో గుప్తా వెళ్లి ద్వారకా తిరుమలరావు వచ్చారు. 2025 జనవరి ఆఖరుకు ఆయన రిటైరైతే మళ్లీ గుప్తాయే ఇన్‌ఛార్జ్‌గా వచ్చారు. ఆ వేసవి దాటేలోపు ఆయనకు రెండేళ్ల పట్టా దక్కింది. అలా 2025 అక్టోబర్‌లో సరిహద్దు రాయికి అటు పట్టాదారు, ఇటు కౌలుదారు.

ఈ వ్యవహారంలో అందరికన్నా సుఖపడింది కుకునూరు, వేలేరుపాడు వాళ్లు. ఒకప్పుడు అశ్వారావుపేట నియోజకవర్గంలోనే ఉన్న ఈ మండలాలు 2014లో పోలవరం కోసం ఆంధ్రలో కలిశాయి. గుమ్మం దాటకుండా, సామాను సర్దకుండా డీజీపీని మార్చుకున్న ఘనత దేశంలో ఇంకెంతమందికి ఉందో!

పట్టా లేని కుర్చీలో కూర్చున్నవాడు గాలి ఎటు వీస్తోందో చూడక తప్పదు. 2023 డిసెంబర్ 3న ఓట్ల లెక్కింపు పూర్తికాకుండానే అంజనీ కుమార్ పూలగుత్తితో రేవంత్ రెడ్డి ఇంటికి వెళ్లారు. ఎన్నికల సంఘం ఆ రోజే సస్పెండ్ చేసింది. తొమ్మిది రోజులకు, డిసెంబర్ 12న, సస్పెన్షన్ ఎత్తేసింది. బంతిపూలైనా అంతకాలం నిలవవు. పాపం, ఆయన తప్పల్లా తొందరే. కుర్చీ ఎవరి దయమీద నిలుస్తుందో అన్న లెక్కలో మాత్రం పొరపాటు లేదు.

ఇదంతా తెలుగువాళ్ల ప్రత్యేకత అనుకుని గర్వపడనక్కర్లేదు. కేసు గెలిచిన ప్రకాశ్ సింగ్ సొంత ఉత్తరప్రదేశ్‌లో 2022 మే నుంచి వరుసపెట్టి తాత్కాలిక డీజీపీలే వచ్చారు. 2024 నవంబర్‌లో అక్కడి మంత్రివర్గం, రిటైరైన హైకోర్టు జడ్జి ఆధ్వర్యంలో సొంత కమిటీ వేసి డీజీపీని ఎంచుకునేలా నియమాలే రాసుకుంది. ఢిల్లీ సర్వేయరు ఎందుకు, మా పొలం మేమే కొలుచుకుంటాం అన్నట్టు.

పోడు రైతుకు అంత వెసులుబాటు లేదు. 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ దున్నుతున్నట్టు చూపాలి. గిరిజనేతరుడైతే మూడు తరాలు, అంటే డెబ్భై అయిదేళ్లు అక్కడే ఉన్నట్టు రుజువు చేయాలి. గ్రామసభ, డివిజన్ కమిటీ, జిల్లా కమిటీ దాటాలి. ఇంత తతంగం ఉన్నా 2023లో తెలంగాణ ప్రభుత్వం నాలుగు లక్షలకు పైగా ఎకరాలకు పోడు పట్టాలు పంచింది. అన్ని లక్షల ఎకరాల లెక్క తేల్చిన రాష్ట్రానికి ఒక్క కుర్చీ హద్దులు తేల్చడం కష్టమంటే నమ్మాలా?

డీజీపీ పదవి ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియక జాబితా ఆలస్యమైందని ఎవరైనా అంటే వాళ్లకో మాట చెప్పొచ్చు. ఐపీఎస్ అధికారి ఉద్యోగంలో చేరిన రోజే సర్వీసు పుస్తకంలో పుట్టిన తేదీ రాస్తారు. దానికి అరవై కలిపితే రిటైరయ్యే నెల వస్తుంది.