హైదరాబాద్ మీ ప్లాటుకు ఎప్పుడొస్తుంది?

ఉమ్మడి నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఇల్లు కొనదలచినవారు ముందుగా పరిశీలించాల్సింది హైదరాబాద్‌ను. పూర్వం బతుకుదెరువుకు మనిషి పట్నం పోయేవాడు. ఇప్పుడు పట్నమే బయలుదేరి మనిషి దగ్గరికి వస్తుంది. అది వచ్చే దారిలో 200 గజాలు తీసుకొని, చుట్టూ కడీలు పాతి, ఓపిగ్గా కూర్చోవడమే కొనేవాడి పని.

కూర్చునే ముందు నగరం వేగం లెక్కగట్టాలి. 1591లో చార్మినార్ దగ్గర మొదలైన హైదరాబాద్ మొదటి మూడు నాలుగు శతాబ్దాలు బద్ధకంగా గడిపింది. 1975లో నగరాభివృద్ధి సంస్థ హుడా పెట్టగానే లేచి నిలబడింది. 2008లో హెచ్‌ఎండీఏ అయ్యి నడక అందుకుంది. 2025 మార్చిలో రాష్ట్ర మంత్రివర్గం కూర్చుని, ఇంకా వేయని రీజినల్ రింగ్ రోడ్డు దాకా దాన్ని ఒక్క గంతు వేయించింది. మొత్తం 11 జిల్లాలు, 104 మండలాలు, 1,355 గ్రామాలు. అందులో నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల ఊళ్లూ ఉన్నాయి. రాత్రి పల్లెలో పడుకున్న రైతు తెల్లారేసరికి మహానగరంలో లేచాడు. బర్రెకు ఇంకా కబురు అందలేదు.

దూరాన్ని నిమిషాల్లో కొలవాలి. వెంచర్ బ్రోచర్లలో కిలోమీటరు రద్దయి చాలా కాలమైంది. శంషాబాద్ విమానాశ్రయం జడ్చర్ల నుంచీ 20 నిమిషాలే, కడ్తాల్ నుంచీ 20 నిమిషాలే, చిట్యాల నుంచీ 20 నిమిషాలే. దీన్నిబట్టి విమానాశ్రయం కూడా ఒకచోట కుదురుగా ఉండడం లేదని తేలుతోంది. సంక్రాంతి ముందురోజు పంతంగి టోల్‌గేటు దగ్గర నిమిషం ఎంతసేపు సాగుతుందో విజయవాడ వైపు పోయేవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంటి భాగాల్లో ముఖ్యమైనది వెంచర్ కమాను. దాని వెనక మొరం రోడ్డు, రోడ్డుకు రెండువైపులా రంగు జెండాలు, చివర షామియానా, షామియానాలో సైటు చూడ్డానికి వచ్చినవారికి బిర్యానీ. గోడలు, గదులు, కప్పు నగరం తనతో తెస్తుంది. అందాకా ఈస్ట్ ఫేసింగ్ మాత్రం తప్పక చూసుకోవాలి. నగరం తూర్పు గుమ్మంలోంచి అడుగుపెడితేనే కలిసొస్తుందని బ్రోకర్ చెబుతాడు.

బయానా ఇచ్చే ముందు పత్రాలు చూడాలి. 30 ఏళ్ల ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పాత పహాణీలు, నాలా మార్పిడి ఉత్తర్వు, డీటీసీపీ లేదా హెచ్‌ఎండీఏ ఇచ్చిన ఎల్పీ నంబరు అడగాలి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా నంబరు ఉండాలి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడాలి. ప్రభుత్వం పేదలకు పంచిన లావుణి పట్టా భూమిని 1977 చట్టం అమ్మనివ్వదు. 1951లో పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వందెకరాలు దానమిచ్చింది ఉమ్మడి నల్గొండలోనే గనక, సర్వే నంబరు వెనక భూదానం ఉందో లేదో కూడా తేల్చుకోవాలి. కుంట ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) ఎక్కడిదాకా ఉందో ఎండాకాలంలో సైటు చూస్తే తెలియదు. రింగ్ రోడ్డు ఏ చేను మీదుగా పోతుందో ఏ కాలంలో చూసినా తెలియదు. గుంటల లెక్కన అమ్మే ఫాం ప్లాటైతే, మామిడి మొక్క తప్ప అక్కడ మరేదీ మొలవదని ముందే అనుకోవడం మంచిది.

ఇక మిగిలింది నగరం వచ్చే వరస. అది ఒక్కసారిగా రాదు, విడతలుగా వస్తుంది. మొదట ధర వస్తుంది. దాని వెనక ఫీజు వస్తుంది. బస్సు, డ్రైనేజీ, దవాఖానా ఎప్పుడూ వెనక విడతలోనే ఉంటాయి. నిజానికి ఉమ్మడి నల్గొండకు హైదరాబాద్ ఎన్నడో వచ్చేసింది, మూసీ రూపంలో. నగరం మురుగు ఆ జిల్లా పొలాల గుండా పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తోంది. దీన్ని ఏ బ్రోచరూ కనెక్టివిటీ కింద వేయదు.

నీళ్ల మాట వచ్చింది గనక, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిందేమో పరీక్ష చేయించాలి. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు 1970లలో నల్గొండ పేరే పెట్టారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నల్గొండ జిల్లా మర్రిగూడలో, చుట్టుపక్కల ఊళ్లలో తరాల తరబడి ఎముకలు వంగిపోయాయి. వాళ్ల కోసం ఏ మంత్రివర్గమూ ఒక్క సమావేశంలో ఇంత దూరం దూకలేదు.

పాలమూరు కూలీ హైదరాబాద్‌లో అంతస్తు మీద అంతస్తు కట్టి, ఆ మెట్ల కిందే పడుకొని, ఊరికి తిరిగొచ్చేసరికి ఊళ్లో గజం ధర అతనికి అందనంత ఎత్తుకు పోతోంది. ఎలాగో కూడబెట్టి ఒక ప్లాటు కొన్నాడనుకుందాం, అది అనుమతి లేని లేఅవుట్‌లోదని లేఅవుట్ క్రమబద్ధీకరణ పథకం (ఎల్‌ఆర్‌ఎస్) నోటీసు. 2020లో వెయ్యేసి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లు దాదాపు 25 లక్షలు. ఐదేళ్లు నాన్చి, 2025 మార్చి 31 లోపు కడితే 25 శాతం తగ్గిస్తామని ఊరించారు. ఈ అక్రమ ప్లాట్లను రిజిస్టర్ చేసింది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసే. స్టాంపు డ్యూటీ తీసుకున్నది ఇదే ఖజానా. రోడ్డు విడవలేదని, పార్కు లేదని ఆనాడు కనపడని కళ్లకు కొన్నవాడి జేబు మాత్రం ఈనాడు కనపడుతోంది. తప్పు చేసి అమ్మినవాడిని, దానికి ముద్ర కొట్టినవాడిని వదిలేసి, మోసపోయినవాడి దగ్గర జరిమానా వసూలు చేయడాన్ని క్రమబద్ధీకరణ అనడం సిగ్గుచేటు. కట్టించాల్సింది వాళ్లిద్దరి చేత.