రాయలవారు బస్సు దిగినారు

పరిగి పక్కల పెళ్లి జరిగిందంటే, మూడోనాడు చుట్టాలకు పెనుకొండ గగన్ మహల్ చూపించాల్సిందే. చూపించేదానికి ఊరికొక చిన్నాయన ఉంటాడు. మా చిన్నాయన వయసులో ఉన్నప్పుడు నాటకాల్లో కృష్ణదేవరాయలు వేషం కట్టినాడు. నాటకాలు పోయినాయి, జరీ అంగీ, అట్ట కిరీటం మిగిలినాయి. ఆ సంచి లేనిదే ఆయన పెనుకొండ బస్సెక్కడు.

మహల్ ముందర చెట్టు చాటుకు పోయి అంగీ తొడుక్కుంటాడు. గుండీలు పట్టవు. పొట్ట దగ్గర పిన్నీసు పెట్టేది చిన్నమ్మ పని. పిన్నీసు పడిందా, ఇంక ఆయన "నేను" అంటే రాయలే.

"ఎండాకాలం హంపిలో ఉక్క పడలేక ఈడికొస్తాంటిని. ఆ కమానులు చూడండి, సుల్తానుల తరహా. పైన గోపురం మన గుడి పనితనం."

పరదేశాల కోటల్లో ఇట్లా వేషాలేసుకుని చూపించేవాళ్లకు జీతాలిస్తారంట. ఈయనకు ఒక ప్లేటు ఉగ్గాని, రెండు బజ్జీలు.

తోట దగ్గరికొస్తే నడకే మారిపోతుంది. అక్కడుండేది గడ్డి, నాలుగు చెట్లు. ఆయన మాత్రం అంగీ అంచు ఎత్తి పట్టుకుని, లేని మల్లెపొదను తప్పించుకుని పోతాడు. వెనకొచ్చే ఆడబిడ్డలు గూడా తప్పించుకునే నడిచినారు, నేను కళ్లారా చూసినా.

రాయల మంత్రి తిమ్మరుసు బందీఖానా మాటెత్తితే గొంతు బొంగురుపోతుంది. రాయలు ఆయన కళ్లు పీకించిన కథను చరిత్రకారులు అందరూ ఒప్పుకోకపోయినా, ఈయన ఒప్పేసుకుంటాడు. "తప్పు చేస్తిని అప్పాజీ" అని పైపంచెతో కళ్లు తుడుచుకుంటాడు.

పోయినసారి ఊపు మీదుండి, "1565లో తళ్లికోట యుద్ధం ఓడిపోయినాక, ఖజానా ఏనుగుల మీద ఏసుకుని ఈడికే వస్తిమి" అన్నాడు.

ఏడో తరగతి మనవడు ఊరుకోలేదు. "తాతా, నువ్వు 1529లోనే చచ్చిపోతివి కదా?"

అందరం నేల చూపులు చూస్తిమి. చిన్నాయన కిరీటం తీసి, నెత్తి తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు.

"వచ్చింది తిరుమలరాయలు లేరా. నేను పైనుంచి చూస్తాంటి."

పెనుకొండలో మీకు ఈయన ఎదురైతే, ఫోటో తీసుకునేటప్పుడు కిరీటం పట్టుకోమంటాడు. పట్టుకోండి, బరువేం ఉండదు. చెమటకు కొంచెం మెత్తబడింది, అంతే.