బడికీ ఓ కాంటూరు

కొల్లేటి చుట్టుపక్కల బతికేవాళ్లకి గీతలంటే భయం పోయి చాలా కాలమైంది. 1999లో 120వ నంబరు జీవో వచ్చి, ప్లస్ ఫైవ్ కాంటూరు దాకా సరస్సు పక్షులదని గీత గీసింది. 2006లో ఆ గీత లోపల పడ్డ చేపల చెరువుల గట్లు పేల్చేశారు. 2008లో, అబ్బే, ప్లస్ త్రీ చాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. గీత ఎక్కడుందో కొంగకి తెలీదు, కొరమేనుకి తెలీదు. తెలిసిన లాయర్లు మాత్రం బాగానే ఉన్నారు. అందుకే 2022 జూన్‌లో 117వ నంబరు జీవో వచ్చి బడుల చుట్టూ గీత గీసినప్పుడు దెందులూరు వైపు ముందు ఎవరూ ఉలిక్కిపడలేదు. 120 నుంచి 117కి! ఇరవై మూడేళ్లలో ప్రభుత్వం మూడు మెట్లు దిగిందని సంతోషించినవాళ్లు కూడా ఉండే ఉంటారు.

జీవో చెప్పిందేమిటంటే, కిలోమీటరు లోపు హైస్కూలు ఉంటే ఊరి ప్రాథమిక పాఠశాలలోని మూడు, నాలుగు, ఐదు తరగతులు మూటాముల్లె సర్దుకుని అక్కడికి పోవాలి. ఒకటీ రెండూ ఉన్నచోటే ఉండాలి. ఎందుకండీ అంటే 2020 జాతీయ విద్యావిధానం అన్నారు. 5+3+3+4 అన్నారు. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు చెబుతారన్నారు. వినడానికి బాగానే ఉంది. ముగ్గురు పిల్లలున్న తల్లికి మాత్రం ఈ లెక్క వేరేగా తేలింది. చంటిది అంగన్‌వాడీలో, నడిమివాడు రెండో తరగతిలో, పెద్దది మూడో తరగతిలో. మూడు గేట్లు, మూడు గంటలు, ఒక్క తల్లి. ఆవిడ పొద్దున్నే నాట్లకి పోవాలన్న సంగతి 5+3+3+4లో ఎక్కడా కలవలేదు.

జూలై 5న బడులు తెరిచాక గోల మొదలైంది. రాష్ట్రంలో చాలాచోట్ల తల్లిదండ్రులు గేట్లకి తాళాలు వేశారు, రోడ్డు మీద బైఠాయించారు. విద్యా సంవత్సరం మొదటి పాఠం పిల్లలు టెంటు కింద విన్నారు.

కిలోమీటరు ఎలా కొలిచారని అడక్కండి. అడిగితే ఫోను చూపిస్తారు. తెరమీద ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, మధ్యన ఓ నీలం గీత. కాకి ఎగిరితే కిలోమీటరే. అయితే మనం బడిలో వేస్తున్నది కాకిపిల్లని కాదు. దెందులూరు మండలం మీదుగా పదహారో నంబరు జాతీయ రహదారి పోతోంది. విజయవాడ, విశాఖపట్నం రైలు మార్గం పోతోంది. వానొస్తే గుండేరు వాగుకి ప్రాణం లేచొస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఇన్నున్నా ఫోనుకి ఇవేవీ అడ్డం రావు. లారీ వస్తే ఆగదు, గేటు పడితే నిలబడదు, వాగు పొంగితే చెప్పులు చేత పట్టుకోదు. ఇంకాస్త కిందికి పోతే లంక గ్రామాలున్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదంతా కొల్లేట్లోకి దిగినప్పుడు ఏలూరు, కైకలూరు రోడ్డు మీదికే నీళ్లెక్కాయి. ఆ వారం కూడా ఫోనులో దూరం దూరంలాగే ఉంది, ఒక్క మీటరు పెరగలేదు.

తరవాత ప్రభుత్వం మారింది. 117ని రద్దు చేస్తామని మాటిచ్చినవాళ్లు గెలిచారు, 2025 మేలో రద్దు చేశారు కూడా. మాట నిలబెట్టుకున్నారు, కాదనకూడదు. ఒక జీవో పోయి దాని స్థానంలో వరసగా 19, 20, 21 నంబర్లతో మూడు జీవోలు వచ్చాయి. అంతకుముందు బడులు ఆరు రకాలు, ఇప్పుడు తొమ్మిది. శాటిలైట్ ఫౌండేషన్, ఫౌండేషన్, బేసిక్ ప్రైమరీ, మోడల్ ప్రైమరీ, అలా పైకి పోతూ ఉంటాయి. మా చిన్నప్పుడు బడులు రెండే రకాలు: కప్పు కారేవి, కప్పు లేనివి.

మోడల్ ప్రైమరీ అంటే తరగతికో టీచరు ఉండే బడి. ఇదీ మంచి ఆలోచనే. దశాబ్దాలుగా అందరూ అడుగుతున్నదే. కాకపోతే తరగతికో టీచరు రావాలంటే తరగతి నిండా పిల్లలుండాలి. పిల్లలుండాలంటే పక్కూరి బడి నుంచి తేవాలి. తేవాలంటే మళ్లీ గీత గీయాలి. దాంతో 2025 జూన్‌లో మళ్లీ కొన్నిచోట్ల టెంటు లేచింది. నినాదాలు పాతవే, ‘మా ఊరి బడి మాకే కావాలి’. 2022లో టెంటు కింద కూర్చున్న పార్టీ ఇప్పుడు జీవో రాసే బల్ల దగ్గరుంది. అప్పుడు బల్ల దగ్గరున్న పార్టీ టెంటు కిందికొచ్చింది. షామియానా అద్దెకిచ్చే ఆయన మాత్రం రెండుసార్లూ ఒకడే.

ఈసారి ఒక మర్యాద చేశారు. గీత గీసేముందు ఊళ్లోకొచ్చి తల్లిదండ్రుల కమిటీని అడిగారు. తీర్మానం రాయించుకున్నారు. అలాంటి సభ ఒకటి మీకు చూపిస్తాను. ఊరూ మనుషులూ కల్పితం, గోల మాత్రం నిజం.

బడి వరండా. కమిటీ చైర్మన్ గారు ఇంట్లో చేపల పులుసు చూసుకుంటున్నారు కాబట్టి ఆవిడ కుర్చీలో ఆవిడ భర్త కూర్చున్నారు. బల్ల మీద తీర్మానాల పుస్తకం, పక్కనే ఊదారంగు స్టాంపు ప్యాడు. దాని తడి ఆరిపోయిందని ఎవరో సీసాలో నీళ్లు రెండు చుక్కలు వేశారు, ఇప్పుడది వేలిముద్ర బదులు వేలు మొత్తాన్ని దింపుతోంది. మండలం నుంచి వచ్చిన సారు నిలబడి మోడల్ అంటే ఏమిటో చెబుతున్నారు.

మొదట లేచింది ఊళ్లో నలభై ఎకరాల చెరువులున్న ఆసామి. ‘ఏవండీ, ఇది మా తాత ఇచ్చిన స్థలం. ఆ రాయి మీద పేరుంది చూడండి. బడి ఇక్కణ్ణుంచి కదిలిందంటే ఊరి పరువేం కావాలి?’ చప్పట్లు. సరిగ్గా అప్పుడే వీధిలో పసుపురంగు బస్సు హారన్ కొట్టింది. ఆసామి మాట మధ్యలో ఆపి, ‘ఉండండి, మనవడొచ్చాడు’ అని వెళ్లి బ్యాగు అందుకుని వచ్చి, ‘ఆఁ, ఎక్కడున్నాం? పరువు...’ అన్నాడు.

రెండో ఆయన వార్డు మెంబరు. ఆయన వాదన సూటిగా ఉంది. ‘మా పిల్లలు వాళ్లూరు ఎందుకు పోవాలండీ? వాళ్లే మా ఊరు రావాలి. మాది పెద్దూరు.’ ఆ ‘వాళ్లూళ్లో’ కూడా అదే సమయానికి సభ జరుగుతోంది. అక్కడా ఇదే మాట. జనాభా లెక్కల్లో చిన్నూరు ఉండొచ్చు గానీ మైకు పట్టుకున్నాక ఏ ఊరైనా పెద్దూరే.

వీడియో కాల్‌లో అమెరికా అబ్బాయి ఒకడు చేరాడు. టెక్సాస్‌లో ఫ్రిస్కో వైపు ఉంటాడు. ‘బాబాయ్, మా దగ్గరా ఇదే గొడవ. ఏ వీధి ఏ స్కూలు కిందికొస్తుందో మ్యాపు చూసుకునే ఇల్లు కొంటాం. హద్దు జరిపితే ఇంటి రేటు పడిపోతుంది’ అన్నాడు. సభ కాసేపు నిశ్శబ్దమైంది. ఆసామి గడ్డం గోక్కున్నాడు. సర్కారు బడి వల్ల స్థలం రేటు పెరగడం మన దగ్గర ఎవరి ఊహకీ అందే సంగతి కాదు. చెరువుకి నీరెక్కడిదని అడుగుతాం, రోడ్డెంత వెడల్పని అడుగుతాం, బడి గోడ పక్కనుంటే మాత్రం కాస్త తగ్గించమని బేరమాడతాం.

ఇవతల హైస్కూలు హెడ్‌మాస్టారు చెయ్యెత్తి ఎంతసేపైందో. ఆయనకి అవకాశం చివర్లో వచ్చింది. ‘పంపండి, కాదనను. కూర్చోబెట్టేదెక్కడ?’ అన్నారు. న్యాయమైన ప్రశ్న. 2019 నవంబరు 14న మొదలైన ‘మన బడి నాడు-నేడు’లో మొదటి విడతే పదిహేను వేల పైచిలుకు బడులు బాగుపడ్డాయి. బల్లలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి, ఆకుపచ్చ బోర్డులొచ్చాయి. మరుగుదొడ్లొచ్చాయి, వాటి ఫొటోలు తీసి యాప్‌లో పెట్టే పని పంతుళ్లకొచ్చింది. ఇందులో ఎగతాళి చేయడానికి లేనివి చాలా ఉన్నాయి, ఆడపిల్లలకి తలుపున్న దొడ్డి ఎంత పెద్ద సంగతో వాళ్లనే అడగండి. అదనపు గదుల వంతు రెండో విడతలో వచ్చింది, చాలాచోట్ల పని మధ్యలో ఆగింది. ఈ హెడ్‌మాస్టారి బడిలో కూడా స్తంభాల పైన ఇనుప చువ్వలు లేచి ఉన్నాయి. పిల్లల కళ్లకి తగలకుండా వాటికి ఖాళీ మంచినీళ్ల సీసాలు బోర్లించారు. పథకం పేరు ఇప్పుడు ‘మన బడి-మన భవిష్యత్తు’. నాడు అయింది, నేడు అయింది, భవిష్యత్తు దాకా వచ్చాం. స్లాబు కూడా అందులోనే ఉన్నట్టుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. బడిలో అన్నిటికన్నా వేగంగా పూర్తయ్యే మరమ్మతు అదే. మధ్యాహ్న భోజనం జగనన్న గోరుముద్దగా తిన్నవాడు ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు మీద తింటున్నాడు. విద్యాకానుక బ్యాగు చిరిగేలోపు విద్యార్థి మిత్ర కిట్టు వచ్చింది. అమ్మఒడి తల్లికి వందనం అయింది. తల్లి పేరునైనా మార్చకుండా వదిలేశారు, సంతోషం. గోడలకి పేరు మారినప్పుడల్లా రంగు మారుతుంది. కప్పు కారడం ఆగిందా అంటే, కారే నీళ్లు మాత్రం కొత్త రంగు మీదుగా దిగుతున్నాయి.

సభ చివర్లో ఒకావిడ మాట్లాడింది. మాట్లాడాలని కాదు, సంతకం పెట్టమంటే అడిగింది. ‘సంతకం సరేనండీ, హైవే ఎవరు దాటిస్తారండీ?’

మండలం సారు, ‘అది రవాణా అంశం అమ్మా, దీని కిందికి రాదు’ అన్నారు. ఆవిడ చీర కొంగున ఆ ఊదారంగు వేలు తుడుచుకుంటూ, ‘మా వాడు హైవే కిందికొస్తాడేమో అని అడుగుతున్నానండీ’ అంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదించినట్టు పుస్తకంలో రాసుకున్నారు.

ఆ సభలో ఎక్కువగా అరిచినవాళ్ల పిల్లలు ఆ బడిలో లేరు. ఉన్నవాళ్ల తల్లులు అరవలేదు. అరవడానికి వాళ్లకి పూట కూలి పోతుంది. బడి కదలకూడదని పట్టుపట్టేవాడు తన పిల్లాణ్ణి బస్సెక్కించి ఏలూరు పంపుతాడు. బడిలో పిల్లలు తగ్గారని జీవో టీచరుని తీసేస్తుంది. టీచరు లేడని మరో పిల్లాడు బస్సెక్కుతాడు. పిల్లలు లేరని మళ్లీ జీవో. తల్లికి వందనం డబ్బు ప్రైవేటు బడి పిల్లల తల్లులకీ వస్తుంది కాబట్టి బస్సు చార్జీకి బెంగ లేదు. అలా ఒక ఊళ్లో ఇద్దరు పిల్లలకి నాలుగు గోడలు, పక్కూళ్లో నాలుగు గోడలకి డెబ్భై మంది పిల్లలు తయారయ్యారు. ఖాళీ బడీ కిక్కిరిసిన బడీ ఒకే పాలసీకి పుట్టిన కవలలు, కాన్పు మనమందరం కలిసి చేశాం.

లెక్కలు కావాలంటే కేంద్రం వేసే బడుల లెక్క, యూడైస్ చూడండి. 2024-25లో దేశంలో ఒక్క టీచరుతో నడుస్తున్న బడులు 1,04,125. అందులో మన రాష్ట్రానివే 12,912. ఉత్తరప్రదేశ్‌ని కూడా దాటి మనం ప్రథమ స్థానంలో ఉన్నాం. ఏ విషయంలోనైనా మొదటి ర్యాంకు తెచ్చుకుని ఫ్లెక్సీ కట్టుకోవడం మన అలవాటు గానీ, దీనికి మాత్రం ఎవరూ కట్టలేదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లుండాలి. ఒక్క టీచరే ఉన్నచోట ఆ ఒక్కడే ఐదు తరగతులకీ తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు చెప్పి, గుడ్లు లెక్కపెట్టి, హాజరుకి తన ముఖం ఫోనుకి చూపించి, సెలవు పెట్టిన రోజు బడికి సెలవిచ్చేస్తాడు. బడికి ఒక్క టీచరున్న ఈ రాష్ట్రంలో మండలానికి విద్యాధికారులు (ఎంఈఓలు) మాత్రం ఇద్దరు, ఎంఈఓ-1, ఎంఈఓ-2. పర్యవేక్షణలో మాత్రం ఎక్కడా కొరత రానివ్వలేదు.

ఇక్కడే ఆ ఇద్దరికీ ఓ విన్నపం. ఏ మండలమైనా సరే. అయ్యా, మళ్లీ ఓ జీవో వస్తుంది, నంబరు ఎంతైనా కావచ్చు, మళ్లీ మీరు ఫోను తీసుకుని ఊళ్లోకి వస్తారు. ఈసారి జీపు పాత బడి దగ్గరే ఆపండి. జూలైలో, వాన పడే పొద్దున, ఎనిమిదిన్నరకి. మూడో తరగతి పిల్లాడొకణ్ణి అడిగి వాడి బ్యాగు ఒకరు తగిలించుకోండి, వాడి చెయ్యి ఒకరు పట్టుకోండి. కొత్త బడి దాకా నడవండి. హైవే దాటండి, గేటు పడితే నిలబడండి, గదిలో చోటుంటే కూర్చోండి. సాయంత్రం అదే దారిన వాణ్ణి ఇంటికి దించండి. ఆ తరవాత తీర్మానాల పుస్తకం తెరవండి. స్టాంపు ప్యాడులో ఇంకు మేం పోయిస్తాం.