ట్రైన్ ఎన్నింటికి: సటీకా తాత్పర్యము

మూలం

"రేపు ట్రైన్ ఎన్నింటికి? నీ ఆర్గానిక్ నోట్స్ నా దగ్గరే ఉండిపోయింది. ఇచ్చేస్తా."

అవతారిక

మెదక్ సీమలోని కొల్చారం వాడైన మల్లినాథసూరి, అక్కర్లేని ముక్క ఒక్కటీ చెప్పనని ఒట్టేసుకుని కాళిదాసు కావ్యాలకి సంజీవని వ్యాఖ్య రాశాడు. ఆయనకి వాట్సాప్ తగల్లేదు కాబట్టి ఒట్టు నిలిచింది.

పై మూడు వాక్యాలూ తెనాలిలో ఒక బైపీసీ అమ్మాయి ఎంపీసీ అబ్బాయికి రాత్రి తొమ్మిది దాటాక పంపినవి. అబ్బాయికి వరంగల్ నిట్‌లో సీటొచ్చింది, తెల్లారితే ప్రయాణం. అమ్మాయికి నీట్‌లో ర్యాంకు రాలేదు, లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరింది. చిన్న కాలేజీ కావడంతో రెండేళ్లూ కెమిస్ట్రీకి, ఇంగ్లిషుకి, సంస్కృతానికి రెండు గ్రూపుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. సంస్కృతం తీసుకున్నది మార్కుల కోసమే గాని రసం కోసం కాదని ఇరువైపుల తల్లిదండ్రులూ సాక్ష్యం చెబుతారు.

లాంగ్ టర్మ్ పిల్లకి సొంత ఫోను ఉండదు. ఇది వాళ్ళమ్మ ఫోను. టీవీలో సీరియల్ నడుస్తుండగా చేజిక్కించుకున్నది. ఈ సంగతి మరిస్తే మూలం ఒక్క ముక్కా బోధపడదు.

ప్రతిపదార్థం

రేపు = రేపే, ఆ తర్వాత లేదు; ట్రైన్ = సుమారు 240 కిలోమీటర్ల అవతల దింపేది; ఎన్నింటికి = ఏ వేళకు, అనగా ఇంట్లో చెప్పాల్సిన అబద్ధం ఏ వేళకు సరిపోవాలో; నీ = నీ; ఆర్గానిక్ నోట్స్ = బెంజీన్ బొమ్మలు నిండిన లాంగ్ నోట్‌బుక్; నా దగ్గరే ఉండిపోయింది = దానంతటదే ఉండిపోయింది, నేనేమీ ఉంచుకోలేదు; ఇచ్చేస్తా = వస్తా.

శంక, సమాధానం

నీట్ మళ్ళీ రాయాల్సింది అమ్మాయి. ఆర్గానిక్ నోట్స్ కావలసిందీ ఆమెకే. ఇంటర్ నోట్స్ మోసుకుని ఎవడైనా ఇంజనీరింగ్‌కి వెళతాడా? పోనీ, రైలు వేళ ఎవరి ఫోనులోనైనా రెండు సార్లు నొక్కితే తెలుస్తుంది. కాబట్టి మొదటి వాక్యం వ్యర్థం, రెండోది విపరీతం అని పూర్వపక్షం.

అట్లనరాదు. పైకి కనబడే అర్థం పొసగనప్పుడే లోపలి అర్థం తలుపు తీస్తుంది. దీన్నే ముఖ్యార్థబాధ అన్నారు. హాలుడి గాథాసప్తశతిలోంచి ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలోకి ఎత్తుకున్న గాథ ఒకటుంది. గోదావరి గట్టున తన సంకేతస్థలం దగ్గరకి ఒక భక్తుడు పదేపదే వస్తుంటే, నిన్ను బెదిరించే కుక్కని సింహం చంపేసింది, ఇక నిశ్చింతగా తిరగవయ్యా అంటుంది ఒకావిడ. ఆ భక్తుడు మళ్ళీ ఆ ఛాయలకి వచ్చి ఉంటాడా? మన అమ్మాయి అంత గడుసుది కాదు. సింహం లేక నోట్‌బుక్‌తో సరిపెట్టుకుంది.

అదీగాక ఇది ద్వ్యర్థి. పింగళి సూరన రాఘవపాండవీయంలో అవే పద్యాలతో రామాయణమూ భారతమూ రెండూ నడిపించాడు. ఇక్కడ అవే వాక్యాలు అమ్మ చదివితే అప్పు తీర్చే బుద్ధిమంతురాలు, అబ్బాయి చదివితే వేరు. సూరనకి తీరిక ఉంది. ఈమెకున్నది సీరియల్‌లో ప్రకటనలు వచ్చేదాకా.

నాయికా నిర్ణయం

అష్టవిధ నాయికల్లో ఈమె ఎవరూ కాదు. ప్రియుడు ప్రయాణానికి సిద్ధమవుతుండగా కుమిలేదాన్ని ప్రవత్స్యత్పతిక అంటూ తొమ్మిదో నాయికగా ఒప్పుకొమ్మని భానుదత్తుడు రసమంజరిలో వాదించాడు. కానీ ఇక్కడ పతి లేడు, బ్యాచ్‌మేట్ ఉన్నాడు. వర్గీకరణ పెండింగ్.

విశేషం

ప్రేమలో పడినవారికి పది అవస్థలు చెప్పారు. చూపు కలవడం, మనసు చిక్కుకోవడం, ఊహలు అల్లుకోవడం అయ్యాక నిద్ర పట్టకపోవడం, చిక్కిపోవడం, దేని మీదా మనసు లేకపోవడం. ఈ చివరి మూడూ లాంగ్ టర్మ్ పిల్లలందరికీ ఉంటాయి. పొద్దున్నే లేపి, రాత్రి స్టడీ అవర్ దాకా కూర్చోబెట్టి, ఆదివారం పరీక్ష పెట్టే చోట ఎవరు నిద్రపోతారు? ఈ లక్షణాలు పట్టుకుని ప్రేమని నిర్ణయిస్తే అతివ్యాప్తి దోషం తగిలి క్లాసు క్లాసంతా విరహంలో ఉందనాల్సి వస్తుంది. ఏడోది లజ్జాత్యాగం. సిగ్గు విడవడం ఏ మెటీరియల్‌లోనూ లేదు, ఏ కోచింగూ నేర్పదు. ప్రేమకి నికరమైన గుర్తు అదొక్కటే.

మూలానికి పైన ఒక లుప్తపాఠం కూడా ఉంది. "ఈ సందేశం తొలగించబడింది" అన్న ఆనవాలు మాత్రమే మిగిలింది. అందులో అసలు మాట ఉందని కొందరు, 'హాయ్' మాత్రమే ఉందని కొందరు. ఏదైనా కానీ, ఒకసారి వెనక్కి తీసుకున్నాక మళ్ళీ రాసిందన్నది గమనించాలి. మొదటిసారి తెగించడం తెలియకైనా జరుగుతుంది. మూడు గంటలు కూర్చుని జేఈఈ రాసొచ్చిన అబ్బాయి రెండేళ్లలో ఈపాటి మూడు వాక్యాలు రాయలేకపోయాడు.

కాళిదాసు మేఘదూతంలో యక్షుడి శాపం ఒక ఏడాది. లాంగ్ టర్మ్ కూడా ఇంచుమించు అంతే. యక్షుణ్ణి మాత్రం మేఘాన్ని ఎవరూ తిరిగి ఇచ్చెయ్యమని అడగలేదు.

ప్రత్యుత్తరం

"కృష్ణాకి. నోట్స్ మర్చిపోకు."

అడిగింది వేళ, చెప్పింది బండి పేరు. అక్కర్లేని నోట్స్ మర్చిపోవద్దన్నాడు. వీడికి అర్థమైంది.

ప్రక్షిప్తం

దీని కింద అదే ఫోను నుంచి మరో వాక్యం కనబడుతోంది: "బాబూ నేనూ వస్తా స్టేషన్‌కి పులిహోర కట్టిస్తా దార్లో ఏదీ తినకు ఆంటీ". విరామచిహ్నాలు లేకపోవడాన్ని బట్టి కర్త వేరు.

ఆమె వాచ్యార్థం దగ్గరే ఆగిపోయిందని, నిట్‌కి వెళ్ళే పిల్లాడి మీద అభిమానమేనని ఒక వర్గం. నేను ఒప్పుకోను. లాంగ్ టర్మ్ ఫీజు కట్టిన తల్లి, పనికొచ్చే ఆర్గానిక్ నోట్స్ ఇంట్లోంచి వెళ్ళిపోతుంటే "వాడికెందుకే అవి?" అని అడగలేదు. పూర్వపక్షం తట్టి కూడా ఊరుకుంది. పైగా పులిహోర.

అబ్బాయి దీనికి బొటనవేలి బొమ్మ పెట్టాడు. భయపడ్డాడని అర్థం.