కేతిగాడి దవడ

సోమవారం వచ్చిందంటే జనం బారులు తీరే ఆఫీసు అది. కొత్తగా వచ్చిన అధికారికి ఓ ఆలోచన తట్టింది. అర్జీ ఎలా పెట్టుకోవాలో, పెట్టుకున్నాక ఏమవుతుందో ఊరూరా ఒక మాట్లాడే బొమ్మ చేత చెప్పిస్తే ఎలా ఉంటుందని. రిటైరైన డ్రాయింగు మాస్టారికి కబురు వెళ్ళింది. తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన మనిషి, బొమ్మకి పేరు వెతుక్కోలేదు. కేతిగాడు. రామరావణ యుద్ధం మధ్యలోనైనా దూరి, బంగారక్కతో సరసాలాడి, రాజుగారినైనా మొహమ్మీదే అనేసి పోగలిగినవాడు వాడే కదా.

"తోలుబొమ్మకి దవడ ఆడక్కర్లేదు సార్. ఆడించేవాడు తెర వెనక ఉంటాడు. ఇక్కడ నేను జనం ఎదుటే కూర్చోవాలి. నా నోరు మూసుకుని ఉండాలి, వాడి నోరు ఆడాలి" అన్నారు మాస్టారు. "న్యూస్‌పేపర్లు మా ఇంట్లో ఉన్నాయి. తెల్లకాగితాలు మీరిప్పించండి, పాతవైనా సరే. ఒక పొర న్యూస్‌పేపరు, ఒక పొర తెల్లకాగితం వేసుకుంటూ పోతే ఎక్కడ అంటించామో, ఎక్కడ వదిలేశామో తెలుస్తుంది."

"కాగితాలకేం కరువు!" అన్నాడు అధికారి.

సాయంత్రానికల్లా అటెండరు ఒక గోనెసంచి తెచ్చి అరుగు మీద దింపాడు. "ఎన్ని చింపుకున్నా అడిగేవాడు లేడు మాస్టారూ."

మాస్టారు బంకమట్టితో తల మలిచారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపారు. కాగితాన్ని ఆయన కత్తెరతో కత్తిరించరు, చేత్తో చింపుతారు. చింపిన అంచు పీచులుగా విచ్చుకుని పక్కముక్కలో కలిసిపోతుంది. కత్తిరించిన అంచు ఎంత రుద్దినా గీతలా తేలుతుంది. మట్టికి అతుక్కుపోకుండా మొదటి పొర ఉత్త నీళ్ళతో, ఆపైన ఏడెనిమిది పొరలు మైదాతో, మధ్యమధ్య నీడన ఆరబెడుతూ వేశారు. గట్టిపడ్డాక చెవుల వెనక నుంచి రెండుగా కోసి, మట్టి తీసేసి, మళ్ళీ అతికించారు.

ఇక దవడ. నోటి మూలల నుంచి గడ్డం కిందికి రెండు నిలువు కోతలు కోసి ఆ ముక్కని విడదీశారు. సైకిల్ స్పోకు ముక్కని ఈ చెంప నుంచి ఆ చెంపకి గుచ్చి, దాని మీద దవడని ఊగేలా నిలబెట్టారు. పైకి లాగడానికి రబ్బరు బ్యాండు, కిందికి లాగడానికి గాలం దారం. దారం చివర చూపుడువేలికి అందేట్టు ఒక ఉంగరం. వేలు లాగితే నోరు తెరుచుకుంటుంది, వదిలితే టక్కున మూసుకుంటుంది. మూసుకోవడానికి దానికెవరి సాయమూ అక్కర్లేదు.

సంచిలో మిగిలిన కాగితాల్లో ఒకదాన్ని చింపబోయి ఆగారు. అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, బొమ్మ నోట్లో ఎర్రగుడ్డ నాలిక కిందికి తోశారు.

"అదేమిటండీ?" అంది భార్య.

"ఒత్తు. నాలిక కాస్త లేచి కనబడాలిగా."

అధికారి రాసిచ్చిన మాటలు చూసి మాత్రం మాస్టారు తల పట్టుకున్నారు. ప, బ, మ పలకాలంటే పెదవులు కలవాల్సిందే. బొమ్మని మాట్లాడించేవాళ్ళు వాటి బదులు త, ద, న వేసి నెట్టుకొస్తారు. "ప్రభుత్వం, ప్రజలు, పరిష్కారం అని మొదలెట్టారు సార్. మూడూ పెదవులతో పనే."

"అమెరికాలో ఎవరో రేడియోలోనే బొమ్మని ఆడించాడట కదండీ!"

"ఎడ్గార్ బెర్గెన్. 1936లో మొదలుపెట్టి ఏళ్ళ తరబడి ఆడించాడు. రేడియోలో పెదవులు ఎవడికి కనబడతాయి సార్?"

"మనవాళ్ళు మాత్రం చూస్తారా? కానిచ్చెయ్యండి."

మొదటి ఆట ఒక పల్లెలో, రావిచెట్టు కింద. అధికారి ముందువరసలో కుర్చీ వేయించుకున్నాడు. "తదిహేను రోజుల్లో తరిష్కారన్!" అన్నాడు కేతిగాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ నవ్వులు తగ్గకముందే వెనక నుంచి ఒక ముసలావిడ లేచింది.

"పింఛనుకి అర్జీ పెట్టి రెండేళ్ళయింది నాయనా. అదెక్కడుందో కాస్త చెబుదూ."

అధికారి గొంతు సవరించుకున్నాడు. మాస్టారు ఆయన వంక చూడలేదు. కేతిగాడి తల మెల్లగా ముసలావిడ వైపు తిరిగింది.

"నీ అర్జీ నా నోట్లోనే ఉంది. తీసుకో!"

ఒక్క అక్షరం తడబడలేదు. మాస్టారి పెదవి కదల్లేదు. జనం గొల్లుమన్నారు, అధికారీ నవ్వాడు. ముసలావిడ మాత్రం కర్ర పొడుచుకుంటూ ముందుకొచ్చింది. తెరిచిన నోట్లో రెండు వేళ్ళు పెట్టి, నాలిక కింది కాగితం లాగి, మడతలు విప్పింది. అడుగున ఊదారంగు వేలిముద్ర, దాని పక్కన ఆఫీసువాళ్ళు కొట్టిన 'అందినది' ముద్ర. పక్కనున్న కుర్రాడు అందుకుని పేరు చదివాడు. ఆవిడ పేరే.

నవ్వులు ఆగిపోయాయి.

"మరి నాది?" అంటూ ఒక రైతు లేచాడు. "నాది?" అంటూ ఇంకొకరు.

"అన్నీ ఈ తలకాయలోనే!" అన్నాడు కేతిగాడు.

మర్నాడు ఆఫీసు రిజిస్టరులో ముసలావిడ అర్జీ నంబరుకి ఎదురుగా, రెండేళ్ళుగా ఖాళీగా ఉన్న గడి నిండింది: "గ్రామస్థుల సమక్షంలో అర్జీని అర్జీదారుకు స్వయంగా అందజేయడమైనది. సమస్య పరిష్కరించడమైనది."