టయోటా బాబాయి

కారున్న ప్రతివాడి దగ్గరా ఒక కథ ఉంటుంది. పెళ్లికి పోతూ ఒంగోలు దాటాక రేడియేటరు పొగలు కక్కడం, శ్రీశైలం ఘాటులో బ్రేకులు వేడెక్కి ప్రాణాలు అరచేతిలోకి రావడం, అర్ధరాత్రి ఏ ధాబా ముందో మెకానిక్కు కోసం ఇంటిల్లిపాదీ జాగారం చెయ్యడం. మా టయోటా బాబాయి దగ్గర ఇలాంటివి ఒక్కటీ లేవు. అయినా ఆయన చెప్పినన్ని కారు కథలు ఇంకెవరూ చెప్పరు.

"మొన్న తిరపతి పోయామా? పిల్లాజెల్లాతో ఎనిమిది మందిమి. పైన లగేజీ. ఎండ చూస్తే నిప్పులు. ఏసీ ఫుల్లులో పెట్టి ఘాటెక్కా. సగం కొండెక్కాక ఏమైందో చెప్పు?"

"ఏమైంది బాబాయ్?"

"ఏమీ కాలా!" అని తొడ చరుచుకుంటాడు.

కథ అంతే. క్లైమాక్సు అయిపోయిందని మనకి తెలిసేలోపే ఆయన రెండో కథలో నెల్లూరు దగ్గరుంటాడు. అక్కడా ఏమీ కాదు.

ఇలాంటి బాబాయి మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటాడు. గుంటూరులో అయితే మిర్చి కమిషను వ్యాపారి, భీమవరంలో చేపల చెరువుల ఆసామి, నిజామాబాదులో పసుపు షావుకారు, కరీంనగర్లో గ్రానైటు కాంట్రాక్టరు. మావాడు చీరాలలో చీరల వ్యాపారి. వృత్తి ఏదైనా బండి ఒకటే: తెల్ల ఇన్నోవా, డీజిలు, 2016లో క్రిస్టా రాకముందు నాటిది. సీట్ల మీద షోరూమువాళ్లు తొడిగిన ప్లాస్టిక్కు కవర్లలో ఒకటి ఇప్పటికీ ఉంటుంది. దాన్ని తీస్తే బండి పాతబడుతుందని ఆయన నమ్మకం.

బండి స్టార్టు చెయ్యడం బాబాయికి సంధ్యావందనంతో సమానం. తాళం సగం తిప్పి ఆగుతాడు. డ్యాష్‌బోర్డు మీద చుట్టలు తిరిగిన తీగ బొమ్మతో ఒక పసుపుపచ్చ దీపం వెలుగుతుంది. ఇంజన్లో హీటరు ప్లగ్గులు వేడెక్కుతున్నాయని దానర్థం. అది ఆరేదాకా ఎవరూ మాట్లాడకూడదు. చీరాల ఎండల్లో అది రెప్పపాటులో ఆరిపోతుంది గానీ బాబాయి మౌనం ఇంకాసేపు సాగుతుంది. దిగేటప్పుడు మరో తంతు. ఆగీ ఆగగానే ఇంజను కట్టెయ్యకూడదు. టర్బో చల్లబడాలి, దాని బేరింగులకి ఆయిలు అందుతుండాలి. మా చెల్లెలి పెళ్లికి కల్యాణ మండపం ముందు బండాగింది. మేళగాళ్లు వాయిస్తున్నారు, ముత్తయిదువులు హారతి పట్టుకుని నిలబడ్డారు, పెళ్లికూతురు తలంబ్రాల చీర సర్దుకుని లోపలే కూర్చుంది. ముహూర్తం దాటిపోతోందని పంతులుగారు కేకేశారు. బాబాయి అద్దం కాస్త దించి, "టర్బో పోతే మీరు కొనిస్తారా పంతులుగారూ?" అన్నాడు.

ఆ బండిలో ఎవరెక్కడ కూర్చోవాలన్నదానికి రాయని శాస్త్రం ఉంది. ముందు సీటు వియ్యంకులకి. మధ్య వరస అల్లుళ్లకీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకీ. చివరి వరస పిల్లలకీ, వాంతులయ్యే వాళ్లకీ, ఉద్యోగం లేని బంధువులకీ. బంధువర్గంలో మనిషి పరపతి తెలియాలంటే ఇన్నోవాలో ఏ వరసలో కూర్చున్నాడో చూస్తే చాలు. నాకు అపాయింట్‌మెంట్ ఆర్డరు వచ్చాకే మధ్య వరసకి ప్రమోషను దొరికింది.

ఇదంతా ఒక ఎత్తు, బండి పుట్టుపూర్వోత్తరాలు ఒక ఎత్తు. బాబాయిది నేత కుటుంబం. వాళ్ల తాత గుంట మగ్గం మీద బతుకు వెళ్లదీసినవాడు. కాబట్టి టయోటా చరిత్ర ఆయనకి కార్ల చరిత్ర కాదు, సొంత వంశ చరిత్ర.

"సకిచి టయోడా అనీ ఒకాయన. వడ్రంగి కొడుకు. అయినా మనసంతా మగ్గం మీదేరా" అని మొదలుపెడతాడు. సకిచి 1891లో చెక్క మగ్గానికి తొలి పేటెంటు తీసుకున్నాడు. తర్వాత మరమగ్గాలు చేశాడు. వాటి గొప్పతనం, పోగు తెగితే మగ్గం దానంతటదే ఆగిపోవడం. పక్కన మనిషి కాపలా ఉండనక్కర్లేదు, తప్పు గుడ్డ గజాలకొద్దీ నేసి పారెయ్యనక్కర్లేదు. 1924లో వచ్చిన మగ్గమైతే నూలైపోయిన నాడెను నేత ఆపకుండానే మార్చేసుకునేది. ఇంగ్లండులో యంత్రాలు చేసే ప్లాట్ బ్రదర్స్ 1929లో దాని హక్కుల్ని లక్ష పౌన్లకి కొనుక్కున్నారు. సకిచి కొడుకు కీచిరో కార్ల మీద పడ్డాడు. 1937లో టయోటా మోటార్ కంపెనీ పుట్టింది.

లక్ష పౌన్ల దగ్గరికి వచ్చేసరికి బాబాయి గొంతు పూడుకుపోతుంది. "లాంకషైర్ మిల్లు గుడ్డ దింపి మన నేతగాళ్ల పొట్టకొట్టినోడురా ఇంగ్లీషోడు. ఆడికే మగ్గం అమ్మాడు చూడు!" కళ్లు తుడుచుకుంటాడు. పోగు తెగగానే ఆగిపోయే ఆ ఏర్పాటు ఒక్కటే ఆయన మాటలకి అబ్బలేదు. వినేవాడి ఓపిక ఎప్పుడో తెగిపోయినా నేత సాగుతూనే ఉంటుంది.

టయోటా ఫ్యాక్టరీల్లో మనుషులకీ ఆ మగ్గం పద్ధతే నేర్పారు. ఎక్కడ తేడా కనపడినా కూలీ ఒక తాడు లాగొచ్చు. చిక్కు విడకపోతే మొత్తం లైనే ఆగుతుంది. ఈ సంగతి తెలిసిన మర్నాడే బాబాయి తన గోడౌనులో చీరలు మడతపెట్టే చోట ఒక తాడు కట్టి, చివర గంట వేలాడదీశాడు. మొదటిరోజు నాలుగుసార్లు మోగింది, నాలుగుసార్లూ టీ రాలేదనే. వారం తిరిగేసరికి ఆ తాడు మీద పనివాళ్ల తువ్వాళ్లు ఆరుతున్నాయి.

ఇంకో పద్ధతి ఇంట్లో ప్రయోగించాడు. ఏ లోపం కనిపించినా "ఎందుకు?" అని అయిదుసార్లు వరసగా అడిగితే అసలు కారణం దొరుకుతుందని తైచి ఓనో అనే టయోటా ఇంజనీరు చెప్పేవాడు.

"కూరలో ఉప్పెందుకు తగ్గింది?"

"డబ్బాలో లేదు."

"ఎందుకు లేదు?"

"తేలేదు."

"ఎందుకు తేలేదు?"

"తెమ్మని చెప్పిన మనిషి కారు కడుక్కుంటా కూర్చున్నాడు" అంది పిన్ని. మిగిలిన రెండు ప్రశ్నలూ బాబాయి అడగలేదు.

కంపెనీ చరిత్రలో ఆయనకి నచ్చని పేజీలూ ఉన్నాయి. 1957లో అమెరికాకి తీసుకెళ్లిన క్రౌన్ కారు అక్కడి హైవేల వేగానికి తట్టుకోలేక రొప్పింది. కొన్నేళ్లకే ఆ అమ్మకాలు ఆపుకోవాల్సి వచ్చింది. ఆ అధ్యాయాన్ని బాబాయి ఒకే దూకులో దాటి 1966లో కరోలా దగ్గర దిగుతాడు. యాక్సిలరేటరు పెడళ్ల గొడవలో లక్షలాది కార్లు వెనక్కి పిలిచిన సంగతి ఎత్తితే మాత్రం వెనక్కి తగ్గడు. 2010 ఫిబ్రవరిలో కంపెనీ అధిపతి అకియో టయోడా అమెరికన్ కాంగ్రెసు కమిటీ ముందు కూర్చుని క్షమాపణ చెప్పాడు. "సకిచి మునిమనవడురా! అంతటోడొచ్చి తప్పయిపోయిందన్నాడు. మన ఊళ్లో మెకానిక్కు ఒక నట్టు బిగించడం మర్చిపోయి ఏనాడన్నా సారీ అన్నాడా?" ఆ దెబ్బతో తప్పు కంపెనీ మీదినుంచి మెకానిక్కు మీదికి పోతుంది.

బాబాయి పెద్దకొడుకు కాలిఫోర్నియాలో, ఫ్రీమాంట్‌లో ఉంటాడు. మన పిల్లలందరిలాగే వాడూ చదువుకునే రోజుల్లో సెకండ్‌హ్యాండు కరోలా కొన్నాడు. బాబాయి ఆ ఫొటోని ఇంట్లో దేవుడి పటాల వరసలో పెట్టాడు. తర్వాత వాడు టెస్లా కొన్నాడు. రెండ్రోజులు ఇంట్లో ఎవరికీ సరిగ్గా అన్నం సయించలేదు. నిరుడు ఆర్నెల్లు ఉండివద్దామని వెళ్లినప్పుడు కొడుకు ఆయన్ని టెస్లా ఫ్యాక్టరీ చూపించడానికి తీసుకెళ్లాడు. అక్కడ బాబాయికి తెలిసింది: 1984 నుంచి టయోటా, జనరల్ మోటార్సు కలిసి కార్లు చేసిన చోటు అదేననీ, 2010లో మూతపడ్డాక టెస్లా కొనుక్కుందనీ, కరోలాలు కూడా అక్కడ తయారయ్యేవనీ. ఆ రాత్రి నాకు వీడియో కాల్ చేశాడు. "అబ్బాయ్, ఏమనుకున్నావ్! అది మన షెడ్డేరా. ఖాళీ చేసి పోతే ఈళ్లు దిగారు." వెనకనుంచి కొడుకు "కొనుక్కున్నారు నాన్నా" అంటున్నాడు. "అమ్మింది మనమేగా" అన్నాడు బాబాయి.

మన దేశంలో టయోటా ప్రవేశం బాబాయి జీవితంతో కలిసిపోయింది. 1997లో కిర్లోస్కర్లతో పొత్తు కుదిరింది, బెంగుళూరు పక్కన బిడదిలో ఫ్యాక్టరీ లేచింది, 2000లో క్వాలిస్ వచ్చింది. ఇండోనేషియాలో అప్పటికే తిరుగుతున్న కిజాంగ్‌కి ఇక్కడి పేరది. చూడ్డానికి పాతకాలపు బండి, నవ్వినవాళ్లు నవ్వారు. ట్యాక్సీలవాళ్లూ, హైదరాబాదు కాల్ సెంటర్ల క్యాబులవాళ్లూ మాత్రం ఎగబడ్డారు. వాళ్లతోపాటు బాబాయి. బాగా అమ్ముడవుతున్న బండిని 2005లో కంపెనీ ఉన్నట్టుండి ఆపేస్తే ఆయన మైల పట్టాడు. పదకొండో రోజుకి ఇన్నోవా బుక్ చేసి శుద్ధి అయ్యాడు. ఇప్పుడు హైక్రాస్ అని పెట్రోలుకి బ్యాటరీ జతచేసిన ఇన్నోవా వచ్చింది. షోరూమువాళ్లు ఎక్కించి చూపిస్తే, "స్టార్టయ్యిందో లేదో ఎట్టా తెలుసుద్ది?" అని దిగి వచ్చేశాడు.

రీసేలు ధరని బాబాయి బంగారం ధరలా రోజూ గమనిస్తాడు. "ఇయాళ అమ్మినా ఇంతొస్తుంది" అని భోజనాల దగ్గర ప్రకటిస్తాడు. అమ్మడు. ఒకసారి విజయవాడనుంచి ఒకాయన వచ్చి బేరమాడకుండా అడిగినంతా ఇస్తానన్నాడు. బాబాయి మొహం మాడిపోయింది. "అడిగినంతా ఇస్తన్నాడంటే నేను తక్కువ చెప్పినట్టేగా!" అని యాభైవేలు పెంచాడు. ఆయన దానికీ సరేనన్నాడు. దాంతో బాబాయికి అనుమానం ఖాయమై, బండికి టార్పాలిను కప్పేశాడు.

ఇంత భక్తుడికీ ఒక ప్రతిపక్షం ఉంది: పక్కింటి రిటైర్డు లెక్కల మాస్టారు. ఆయన మారుతి సుజుకి మనిషి. మొదట మారుతి 800, ఇప్పుడు బలెనో. ఇద్దరిదీ ఇరవయ్యేళ్ల వాదన. బాబాయి మగ్గం కథ ఎత్తగానే మాస్టారు కళ్లజోడు సవరించుకుని, "మిచియో సుజుకి 1909లో హమామట్సులో పెట్టింది మగ్గాల కార్ఖానాయే కదయ్యా" అంటారు. అది నిజమే. ఆ నిజం బాబాయికి గుచ్చుకున్నంతగా పెట్రోలు ధర కూడా గుచ్చుకోలేదు.

2019లో రెండు కంపెనీలూ ఒకదాని వాటాలు ఒకటి కొనుక్కునేలా ఒప్పందం చేసుకుని వియ్యమందుకున్నాయి. అదే ఏడాది బలెనోకి టయోటా గుర్తు తగిలించి గ్లాంజా అన్నారు. సంగతి తెలియని చిన్నల్లుడు, "మీకోసమే టయోటా కొన్నాను మామయ్యా" అంటూ గ్లాంజా తెచ్చి గుమ్మంలో ఆపాడు. బాబాయి కొబ్బరికాయ కొట్టాడు, నిమ్మకాయలు తొక్కించాడు. మాస్టారు ఇవతలికి వచ్చి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. తలుపు తీసి, వేసి, చప్పుడు విన్నారు. "మా అమ్మాయేనయ్యా. మీ ఇంటిపేరు పెట్టుకుంది, అంతే" అన్నారు.

బాబాయి నాలుగేళ్లు ఓపిక పట్టాడు. 2023లో బిడదిలో తయారైన హైక్రాసే సుజుకి గుర్తు పెట్టుకుని ఇన్విక్టో పేరుతో మారుతి షోరూముల్లోకి వచ్చింది. ఆ పేపరు పట్టుకుని గోడ దగ్గరికి పోయి, "మాస్టారూ, మావోడు మీ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. కాస్త బాగా చూసుకోండి" అన్నాడు.

అప్పట్నుంచీ ఇద్దరూ ఒకరి బండిని ఒకరు తిట్టుకోవడం మానేశారు. తిట్టకుండా పొద్దుపోదు కాబట్టి కలిసి ఎదురింటి డాక్టరుగారి మీద పడ్డారు. ఆయన ఈమధ్యే సన్‌రూఫున్న కొరియా కారు కొన్నాడు. పొద్దున్నే ఆయన వాకింగుకి బయల్దేరే వేళకి వియ్యంకులిద్దరూ అరుగు మీద కాఫీ గ్లాసులతో సిద్ధంగా ఉంటారు.

"డాక్టరుగారూ, మీ కంపెనీ పెద్దాయన ఏనాడన్నా మగ్గం ముట్టుకున్నాడా?"

డాక్టరుగారు ఇప్పుడు వాకింగుకి పెరటి గుమ్మంలోంచి వెళ్తున్నారు.